పరాయి భాషకు మార్కులెన్ని? ఇంటర్ రెండో భాష, కులం, కాలేజీ సీటు

తెలుగునాట భాష మీద చర్చ లేచినప్పుడల్లా రెండు గొంతులు వినపడతాయి. ఒకటి, అమ్మభాష అంతరించిపోతున్నదని బాధపడే గొంతు. రెండోది, ఇంగ్లీషు రాకపోతే బతుకు లేదని చెప్పే గొంతు. ఈ రెండు గొంతుల నడుమ, పదో తరగతి పాసైన పిల్లలు ఇంటర్ అప్లికేషన్‌లో ‘సెకండ్ లాంగ్వేజి’ అనే గడిని ఎట్లా నింపుతున్నారు, ఎవరు నింపిస్తున్నారు, ఆ గడి చివరికి ఎవరికి లాభంగా మారుతున్నది అని అడిగినవాళ్ళు తక్కువ. మేము ఈ వ్యాసంలో ఆ ఒక్క గడిని చదవదలుచుకున్నాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఊళ్ళను ముందు పెట్టుకుని చదువుతాం. ఈ ఊళ్ళలో భాషలకు కొదవ లేదు. ఏ భాషకు విలువ కట్టాలి, ఎంత కట్టాలి అని తీర్మానించే అధికారం మాత్రం ఈ ఊళ్ళలోని వాడలకు ఏనాడూ లేదు.

మా వాదన ముందుగానే చెప్పేస్తాం. మన విద్యావ్యవస్థలో పరాయి భాష ఒకప్పుడు దళితుణ్ణి బయట నిలబెట్టిన గోడ. ఇప్పుడు అదే భాష మార్కులు పిండే మిషను. గోడగా వున్న కాలంలో దాని లోపల వున్నవాళ్ళే, మిషనుగా మారిన కాలంలో దాని హ్యాండిలు పట్టుకున్నారు. మనకు కావలసింది మూడోది: భాషను భాషగా నేర్పే తరగతి గది. దాన్ని మాత్రం ఎవరూ మన దగ్గరికి తేలేదు.

గడి వెనక లెక్క

ఇంటర్ ఎంపీసీ, బైపీసీ గ్రూపుల్లో రెండేళ్ళకు కలిపి వెయ్యి మార్కులు వుంటూ వచ్చాయి. అందులో ఇంగ్లీషుకు 200, రెండో భాషకు 200. అంటే మొత్తంలో ఐదో వంతు ఆ ఒక్క గడిలో వుంది. ఆ గడిలో తెలుగు, హిందీ, ఉర్దూ, కన్నడం, తమిళం, సంస్కృతం, అరబ్బీ, ఫ్రెంచి, ఇట్లా చాలా పేర్లు కాగితం మీద వున్నాయి. ప్రైవేటు, కార్పొరేట్ కాలేజీల్లో చేరే పిల్లోళ్ళకు మాత్రం ఒకటే మాట వినిపిస్తుంది: ‘సంస్కృతం తీసుకోప్పా, నూటికి తొంబై తొమ్మిది గ్యారంటీ.’ నగరాల్లో కొన్నిచోట్ల అదే పని ఫ్రెంచి చేస్తుంది.

ఈ గ్యారంటీ ఎక్కడి నుంచి వస్తున్నది? సంస్కృతం తేలికైన భాష కావడం వల్లనా? పాణిని పేరు విన్న ఎవరూ ఆ మాట అనరు. పేపరు తేలిక. అడిగే ప్రశ్నలు కొన్నే, జవాబులు ముందే అచ్చయి వుంటాయి, చాలా జవాబులు ఇంగ్లీషులోనో తెలుగులోనో రాసినా చెల్లుతుంది. రెండేళ్ళు సంస్కృతం ‘చదివి’ నూటికి దగ్గరగా మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు దేవనాగరి లిపిలో నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా చదవగలడా అని అడిగితే, ఆ ప్రశ్నకు కాలేజీలో ఎవరూ జవాబు చెప్పరు. చెప్పాల్సిన అవసరం కూడా వాళ్ళకు లేదు. ఎందుకంటే అక్కడ భాష నేర్పడం లక్ష్యం కాదు, టైము మిగల్చడం లక్ష్యం. తెలుగు తీసుకున్న పిల్ల పద్యాలు బట్టీ పట్టాలి, సంధులు, సమాసాలు, అలంకారాలు, ఛందస్సు చూసుకోవాలి, పేజీలకు పేజీలు వ్యాసాలు రాయాలి. సంస్కృతం తీసుకున్న పిల్ల ఆ గంటలన్నీ లెక్కలకూ ఫిజిక్సుకూ పెట్టుకుంటుంది. కార్పొరేట్ కాలేజీ అమ్ముకునేది ఆ గంటల్నే.

దీనికి ఒక సమాధానం సిద్ధంగా వుంటుంది. ఎంసెట్‌లో (ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఈఏపీసెట్) ఇంటర్‌కు ఇచ్చే 25 శాతం వెయిటేజీలో గ్రూపు సబ్జెక్టులే లెక్కకు వస్తాయి, భాష మార్కులు రావు, కాబట్టి భాషతో ఎవరికీ నష్టం లేదంటారు. ఇది సగం నిజం. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్ ర్యాంకుల్లో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ వుండింది. ఆ లెక్కలో తీసుకున్న ఐదు సబ్జెక్టుల్లో భాష ఒకటి. ఆ నాలుగేళ్ళు రెండో భాష గడి నేరుగా ఎన్‌ఐటీ సీటును తాకింది. ఆ వెయిటేజీ పోయినా అర్హత షరతు మిగిలే వుంది. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో చేరాలంటే పన్నెండో తరగతిలో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం) రావాలి, లేకుంటే బోర్డులో పైనుంచి ఇరవై పర్సంటైల్లో వుండాలి. ఈ లెక్కలోనూ భాష వుంది. ఢిల్లీ యూనివర్సిటీలో 2022లో సీయూఈటీ వచ్చేదాకా చాలా కోర్సులకు ‘బెస్ట్ ఫోర్’ పద్ధతి నడిచింది, అందులోనూ ఒక భాష వుండేది. ఇక టైము లెక్క ఎంట్రన్సులో నేరుగానే పనిచేస్తుంది. రెండో భాషకు పెట్టని ప్రతి గంటా ఎంట్రన్సుకు పెట్టిన గంటే.

ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీ వైపు చూద్దాం. అక్కడ పిల్లకు గడి వుంది గానీ ఎంపిక లేదు. లెక్చరర్ ఏ భాషకు వుంటే ఆ భాషే. ఎక్కువచోట్ల తెలుగు, ఉర్దూ పిల్లలున్నచోట ఉర్దూ, అక్కడక్కడా హిందీ. మన పిల్లలు ఎక్కువమంది చదివేది ఈ కాలేజీల్లోనే. వాళ్ళు కష్టమైన పేపరు రాస్తారు, తక్కువ మార్కులు తెచ్చుకుంటారు, తర్వాత ‘టోటల్’ దగ్గర సంస్కృతం పిల్లలతో పక్కపక్కన నిలబడతారు. దీన్ని మెరిట్ అంటున్నారు. రిజర్వేషన్ వుంది కదా అనేవాళ్ళు రెండు సంగతులు చూడాలి. ఓపెన్ సీట్లలో మన పిల్లలకు దారి మూసే వాటిలో ఇట్లాంటి లెక్కలు కూడా వున్నాయి. రిజర్వుడు సీట్లలోనూ ఫీజు కట్టి కార్పొరేట్ కాలేజీకి పోగలిగిన ఉద్యోగుల పిల్లలు ఒకవైపు, కూలీల పిల్లలు ఒకవైపు నిలబడుతున్నారు. ఈ రెండో తేడాను మన ఉద్యమాలు ఇప్పటికైనా మాట్లాడాలి.

హిందూపురం బస్టాండు దగ్గరైనా, ధర్మవరం స్టేషను దారిలోనైనా మే నెలలో గోడల నిండా కనపడే ఫలితాల పోస్టర్లను ఒక పాఠంగా చదవండి. ఫోటో, పేరు, వెయ్యికి 980 పైన మార్కు. ఆ అంకెలో ఐదో వంతు ఏ భాషదో పోస్టరు చెప్పదు. చెబితే ఆ అంకె చిన్నదైపోతుంది.

గోడగా వున్న రోజులు

ఈ గడికి ఒక చరిత్ర వుంది. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదివిన అంబేడ్కర్‌కు రెండో భాషగా సంస్కృతం చదవాలని వుండింది. అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పేది లేదన్నారు. పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1907లో ఆయన మెట్రిక్ పాసయ్యాడు. ఇవాళ మన పిల్లలు నింపే గడినే ఆనాడు ఆయన చేత కులం నింపించింది.

తర్వాత ఆయన ఏం చేశాడన్నది మనకు ఇంకా ముఖ్యం. కొలంబియాలో ఫ్రెంచి, జర్మన్ తరగతులకు పోయాడు. జర్మనీలో బాన్ యూనివర్సిటీలో చదవడానికి పేరు నమోదు చేసుకున్నాడు. 1946లో శూద్రుల మూలాల మీద పుస్తకం రాసినప్పుడు సంస్కృతంలో తనకు పాండిత్యం లేదన్న సంగతి ముందుమాటలోనే చెప్పి, సంస్కృత గ్రంథాలు చాలావరకు ఇంగ్లీషులో దొరుకుతున్నాయి గనుక వాటిని విచారించే హక్కు తనకు పోదని వాదించాడు. మూసిన తలుపును ఇంకో పరాయి భాషతో తెరిచాడన్నమాట. అదే అంబేడ్కర్ 1949లో సంస్కృతాన్ని కేంద్ర అధికార భాష చేయాలన్న సవరణకు మద్దతిచ్చాడు. దీన్ని చూపించి ఆయన్ను తమవాడిగా కలుపుకునేవాళ్ళు వున్నారు, చూడనట్టు దాటిపోయే మనవాళ్ళూ వున్నారు. మేము దాన్ని ఇట్లా అర్థం చేసుకుంటాం: ఆయన గొడవ భాషతో లేదు, భాషకు కాపలా కాసేవాడితో వుంది.

తెలుగులో గుర్రం జాషువా సంగతి ఇట్లాంటిదే. 1895లో వినుకొండలో పుట్టిన ఆ మనిషి వూరి పండితుల వెటకారాలు పడుతూనే సంస్కృతం నేర్చుకుని ‘ఉభయభాషా ప్రవీణ’ అయ్యాడు. ఆ బిరుదు పేరులోనే రాజకీయం వుంది. ఉభయ భాషలంటే తెలుగు, సంస్కృతం. తెలుగు పండితుడు కావాలంటే సంస్కృతం గుండా పోవలసిందే. కాళిదాసు మేఘసందేశంలో మేఘాన్ని పంపితే, జాషువా 1941లో అదే పద్ధతి తీసుకుని గబ్బిలాన్ని పంపాడు. నేర్చుకున్న భాషను వాడుకోవడమంటే అది. సంస్కృతం ఇవాళ ఇంటర్ గడిలో దొరికినంత సులభంగా జాషువాకు దొరకలేదు. ఇవాళ దొరుకుతున్నది ఆయన సంపాదించుకున్న సంస్కృతమూ కాదు.

అమ్మభాష ఎవరి అమ్మది?

ఇక్కడే తెలుగు అభిమానుల వాదన కూడా పరిశీలించాలి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో సంస్కృతం పెట్టే ఆలోచన బయటికొచ్చినప్పుడు తెలుగు అధ్యాపకులు, రచయితలు గట్టిగా అడ్డుచెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఇంటర్‌లో రెండో భాష బదులు ఇంకో సబ్జెక్టు తీసుకునే వీలు కల్పించినప్పుడూ తెలుగు పోతుందన్న ఆందోళన వచ్చింది. ఆ ఆందోళనలో న్యాయముంది. తెలుగు గడి ఖాళీ అయితే తెలుగు చదివి టీచరైన మన మొదటి తరం పిల్లల ఉద్యోగాలు కూడా పోతాయి.

కానీ ఇదే తెలుగు అభిమానుల్లో చాలామందిని మేము 2019లో వేరే వైపు చూశాం. ఆ నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ మధ్యకాలంలో పత్రికల్లో అమ్మభాష కోసం రాసినవాళ్ళలో ఎంతమంది పిల్లలు, మనవళ్ళు తెలుగు మీడియంలో చదివారు? కార్పొరేట్ కాలేజీ సంస్కృతం తెలుగును ముప్ఫై ఏళ్ళుగా తోసేస్తుంటే లేవని గొంతు, వాడ పిల్లలకు ఇంగ్లీషు అనగానే ఎందుకు లేచింది?

పైగా పరీక్షలో వున్న ఆ తెలుగు ఎవరి తెలుగు? కంచ ఐలయ్య 1996లో ఇంగ్లీషులో వచ్చిన తన పుస్తకంలో, బడి పుస్తకంలోని కాళిదాసూ షేక్స్పియరూ శ్రామిక కులాల పిల్లలకు ఇద్దరూ ఒకే దూరమని వాదించాడు. ఈ ప్రాంతానికి ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. ‘యాడికి పోతాండావు’ అని మాట్లాడే పిల్లకు తెలుగు పేపర్లోని తెలుగు కూడా రెండో భాషే. మేము తెలుగును వదులుకోమంటం లేదు. 1985 కారంచేడు తర్వాత మన కోపాన్నీ మన ఆకలినీ చెప్పింది తెలుగులోనే. ఆ తెలుగుకు పేపర్లో చోటు పెంచండి, అప్పుడు దాన్ని కాపాడుకోవడానికి మేమే ముందుంటాం అంటున్నాం.

మూడు ఊళ్ళు, లెక్కకు రాని భాషలు

హిందూపురం చింతపండు మార్కెట్లో బస్తాలు మోసే హమాలీని గమనించండి. యజమానితో తెలుగు, మడకశిర వైపు నుంచి వచ్చిన రైతుతో కన్నడం, పక్క అంగడి సాయిబుతో ఉర్దూ. పట్టుగూళ్ళ మార్కెట్లోనూ అంతే. వంద కిలోమీటర్ల దూరంలోని బెంగుళూరుకు పనికి పోయే ఆడవాళ్ళు రెండు నెలల్లో కన్నడం పట్టేస్తారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే, అమ్మే ఇండ్లల్లో బేరానికి రెండు మూడు భాషలు మామూలు. ఇక్కడికి దగ్గరలోని లేపాక్షి గుడిలో శాసనాలు చాలావరకు కన్నడంలో వున్నాయి. ఇది మొదటినుంచీ ఒక భాషతో బతికిన సీమ కాదు.

ఈ హమాలీ కూతురు బడికి పోతే ఏమవుతుంది? ఆమెకు వచ్చిన కన్నడానికి మార్కు లేదు. ఉర్దూ మాట్లాడుతుంది గానీ లిపి రాదు, కాబట్టి దానికీ మార్కు లేదు. పదో తరగతిలో హిందీ 20 మార్కులకే పాసంటారు. అంటే నేర్పకపోయినా ఫర్వాలేదని వ్యవస్థే ఒప్పుకున్నట్టు. ఇంటర్ కొచ్చేసరికి ‘లాంగ్వేజీలో వీక్’ అని ముద్ర. మూడు భాషలు మాట్లాడే పిల్ల భాషలో వీకు, ఒక్క సంస్కృత వాక్యం పలకలేని పిల్లవాడు అదే భాషలో నూటికి తొంబై తొమ్మిది. ఇంతకన్నా పెద్ద సాక్ష్యం మాకు అక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో భాష ఈ దారిలోకి వచ్చింది. 2017లో ఒప్పందం కుదిరి, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కొరియా కంపెనీ కియా కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. హైవే పక్కన హోటళ్ళ మీద, గెస్ట్‌హౌసుల మీద కొరియన్ అక్షరాలు వెలిశాయి. భూములు పోయినవాళ్ళూ, కాంట్రాక్టు పనికి చేరినవాళ్ళూ ఆ అక్షరాలను రోజూ చూస్తూ పోతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం సెకండరీ స్థాయిలో నేర్పవచ్చని చెప్పిన విదేశీ భాషల పట్టికలో జపనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లతో పాటు కొరియన్ పేరు కూడా వుంది. కాగితం మీద పేరుంది, వాకిట్లో ఫ్యాక్టరీ వుంది. ఆ రెంటినీ కలిపే లెక్చరర్ పోస్టు వుండాల్సిన చోటు ప్రభుత్వ జూనియర్ కాలేజీ. భాష తెలిసిన దుబాసీకి ఒక జీతం, దుబాసీ చెప్పింది విని బోల్టు బిగించేవాడికి ఒక జీతం. కంపెనీల కాలం నుంచీ ఇంతే. రెండువందల ఏళ్ళ కింద కాలిన్ మెకంజీకి ఊళ్ళ కథలు సేకరించి పెట్టిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య నియోగి బ్రాహ్మణులు. వాళ్ళ ప్రతిభను మేము కాదనం. భాషకూ భాషకూ మధ్య నిలబడే ఆ చోటు ఏ కులానికి అందిందో గుర్తుచేస్తున్నాం.

విదేశీ భాష మన పిల్లలకు పట్టుబడదనే మాటకు ఈ ప్రాంతంలోనే జవాబుంది. 1969లో విసెంటె ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, డిగ్రీ చదివిన పల్లె పిల్లలకు ఇంగ్లీషుతో పాటు స్పానిష్, జర్మన్, ఫ్రెంచి నేర్పే స్కూలు నడిపింది. కూలీల పిల్లలు ఆ భాషలు నేర్చుకుని కంపెనీల్లో ఉద్యోగాలకు పోయారు. అక్కడ భాషకు రోజంతా టైము పెట్టారు, మాట్లాడించారు, తప్పులు చేయనిచ్చారు. ఇంటర్ గడికీ ఆ స్కూలుకూ తేడా అది. అయితే ఒక స్వచ్ఛంద సంస్థ దయతో కొద్దిమందికి దొరికింది హక్కుగా అందరికీ ఎందుకు దొరకదు అని ప్రభుత్వాన్ని అడగడం మానకూడదు.

ప్రభుత్వం తలుచుకుంటే భాష ఎట్లా వస్తుందో, ఎట్లా పోతుందో కేంద్రీయ విద్యాలయాల్లో చూశాం. 2011లో మూడో భాషగా జర్మన్ తెచ్చారు. 2014 నవంబరులో, చదువుల సంవత్సరం మధ్యలో, దాన్ని తీసేసి సంస్కృతం పెట్టారు. ఆ పిల్లలకు ఏ భాష కావాలో ఎవరూ అడగలేదు. ఎక్కువమంది ఉద్యోగుల పిల్లలు గనుక కనీసం కోర్టుకు పోయారు, పత్రికల్లో రాశారు. మన గడి గురించి కోర్టుకు పోయేది ఎవరు?

ఏం అడగాలి?

ముందు రెండు అభ్యంతరాలు. సంస్కృతం మనమూ నేర్చుకోవద్దా? నేర్చుకోవాలి. అంబేడ్కర్‌కు కాదన్న తరగతి గదిలోకి పోయి మనుస్మృతిని మూలంలో చదివే దళిత విద్యార్థులు కావాలి. అందుకే సంస్కృతం పేపరు సంస్కృతంలోనే రాయించమంటున్నాం. అప్పుడు నిజంగా ఆసక్తి వున్నవాళ్ళే మిగులుతారు. రెండో అభ్యంతరం: ముందు తెలుగు, ఇంగ్లీషు సరిగ్గా వస్తే చాలదా, కొరియన్ ఎందుకు? ఈ ‘ముందు’ అనే మాట మనకు చాలా కాలంగా చెబుతున్నారు. పక్కింటి పిల్లకు మూడు భాషలు ఒకేసారి ఇచ్చేటప్పుడు ఎవరూ ‘ముందు’ అనరు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. ఒకటి, సీటుకు గానీ అర్హతకు గానీ ‘టోటల్’ వాడేచోట రెండో భాష మార్కును లెక్కనుంచి తీసెయ్యాలి, లేదా ఏ భాష పిల్లలను ఆ భాష పిల్లలతోనే పోల్చి పర్సంటైల్ కట్టాలి. బోర్డులను సమం చేసే లెక్కను 2013లోనే వాడారు, అదే లెక్క భాషలకు కట్టడం అసాధ్యమేమీ కాదు. ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతో సీట్లిచ్చేటప్పుడు ప్రభుత్వ బడి పిల్లలకు వెనకబాటు కింద అదనపు స్కోరు కలుపుతున్నారు. అంటే అసమానతను అంకెల్లో ఒప్పుకునే ఆనవాయితీ మన రాష్ట్రంలో వుంది. రెండు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, ఎస్సీ గురుకులాల్లో ఒక విదేశీ భాషకు రెగ్యులర్ లెక్చరర్ పోస్టు కావాలి. గెస్ట్ ఫ్యాకల్టీతో మూడు నెలల కోర్సు వద్దు. మూడు, పిల్లలకు ఇంట్లో, వీధిలో వచ్చిన కన్నడానికీ ఉర్దూకూ మౌఖిక పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. నాలుగు, ఇంటర్ బోర్డు ప్రతి ఏడూ ఏ భాష ఎంతమంది రాశారు, సగటు మార్కు ఎంత అనే లెక్కను కాలేజీ రకాన్నిబట్టి, సామాజిక వర్గాన్నిబట్టి బయటపెట్టాలి.

ఈ నాలుగో పని బోర్డు చేసేదాకా మనం ఆగాల్సిన పనిలేదు. ఈ వ్యాసం చదివే అధ్యాపక మిత్రులు తమ కాలేజీలో, విద్యార్థి సంఘాల మిత్రులు తమ హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టి రాయండి: ఎవరు, ఏ వూరు, రెండో భాష ఏది, దాన్ని ఎవరు ఎంపిక చేశారు, ఎన్ని మార్కులొచ్చాయి, ఆ భాషలో ఇవాళ ఒక పేజీ చదవగలరా. మూడు ఊళ్ళ నోటుబుక్కులు ఒకచోట చేరితే, మెరిట్ మీద మాట్లాడడానికి మన దగ్గర మన లెక్కే వుంటుంది.